ఇరవై రూపాయల గది

2019 అక్టోబరు 28న ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం (జేఎన్‌యూ)లో హాస్టళ్ల వ్యవహారాలు చూసే కమిటీ సమావేశమై ఒక కొత్త నియమావళి ముసాయిదాను ఆమోదించింది. ఒక్కరుండే గదికి నెలకు 20 రూపాయలున్న అద్దె 600 అయింది. ఇద్దరుండే గదికి 10 రూపాయలున్నది 300 అయింది. పారిశుద్ధ్యం, వంటవాళ్లు, మెస్ సహాయకుల జీతాల కోసం అంతకుముందు లేని సర్వీసు చార్జీ నెలకు 1,700 రూపాయలు కొత్తగా వచ్చి చేరింది. కరెంటు, నీళ్ల బిల్లులు వాడకాన్ని బట్టి వేరే. మెస్ డిపాజిట్టు 5,500 నుంచి 12,000కు పెరిగింది.

టీవీల్లో మాత్రం ఒక్క అంకెకే ప్రచారం దొరికింది: ఇరవై రూపాయలు. ఈ రోజుల్లో ఇరవై రూపాయలకు గది ఎక్కడ దొరుకుతుంది, పన్ను కట్టేవాళ్ల సొమ్ముతో ఎన్నేళ్లు చదువుతారు అని దేశమంతా వాదించుకుంది. నిజానికి విద్యార్థిని భయపెట్టింది ఆ 600 కాదు, దాని వెనక వచ్చిన 1,700. రెండూ కలిపితే నెలకు 2,300. తిండి ఖర్చు, కరెంటు బిల్లు ఇందులో లేవు. అంటే ఏడాదికి 27,000 రూపాయలకు పైగా అదనపు భారం.

అది ఎవరి మీద పడింది? విశ్వవిద్యాలయం తానే అచ్చువేసిన 2017-18 వార్షిక నివేదిక దీనికి జవాబు చెబుతుంది. ఆ ఏడాది చేరిన 1,556 మందిలో 623 మంది, అంటే నూటికి నలభై మంది, నెలకు 12,000 రూపాయల లోపు ఆదాయమున్న ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. పన్నెండు వేలలో రెండు వేల మూడు వందలంటే ఇంటి రాబడిలో దాదాపు ఐదో వంతు. తిండీ బట్టా మందూ మాకూ చూసుకున్నాక ఆ ఐదో వంతు ఏ ఇంట్లోనూ మిగలదు. దీన్ని పట్టించుకోకుండా సాగిన చర్చంతా దండగే.

ఆ గొడవలో తెలుగువాళ్ల పేర్లు రెండు ముందుకొచ్చాయి. అప్పటి వైస్ ఛాన్సలర్ మామిడాల జగదీశ్ కుమార్ నల్గొండ జిల్లాలో పుట్టినవారు. నవంబరు 11న వసంత్ కుంజ్‌లోని ఏఐసీటీఈ ఆడిటోరియంలో జరిగిన స్నాతకోత్సవానికి ముఖ్య అతిథి నాటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు. ఉపరాష్ట్రపతి బయటపడ్డారు గాని, కేంద్ర మానవ వనరుల మంత్రి రమేశ్ పోఖ్రియాల్ నిశాంక్ ఆరు గంటలకు పైగా ఆ భవనంలోనే ఉండిపోవలసి వచ్చింది. బయట వేలమంది విద్యార్థులు, వాళ్లకెదురుగా బారికేడ్లు, నీటి ఫిరంగులు. రెండు రోజుల తర్వాత విశ్వవిద్యాలయం కొంత వెనక్కి తగ్గింది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు సగం రాయితీ ఇస్తామంది, డిపాజిట్టును పాత 5,500 దగ్గరే ఉంచింది. విద్యార్థులు ఒప్పుకోలేదు. నవంబరు 18న పార్లమెంటు వైపు నడిచారు. పోలీసులు లాఠీలు ఝుళిపించారు, దారిలోని మెట్రో స్టేషన్లు కొన్ని మూసేశారు.

పెంచినవాళ్ల వాదననూ వినాలి. హాస్టల్ అద్దె దశాబ్దాలుగా కదల్లేదు. ఈ మధ్యలో కరెంటు ధర పెరిగింది, జీతాలు పెరిగాయి. కాంట్రాక్టు కార్మికుల జీతాలకు, కరెంటు నీళ్ల బిల్లులకు కలిపి 45 కోట్ల రూపాయల లోటు ఉందని యాజమాన్యం చెప్పింది. అది కల్పించిన కష్టం కాదు. ఏ సంస్థా ఇరవై రూపాయల అద్దె మీద నడవదు. నడిచిందంటే మిగతాది ప్రభుత్వం భరించింది కాబట్టే.

సరిగ్గా అక్కడే అసలు ప్రశ్న ఉంది. ముప్పై ఏళ్లు పైసా పెంచకుండా ఊరుకున్నది విద్యార్థులు కాదు, యాజమాన్యాలు, వాటి పైనున్న ప్రభుత్వాలు. ఏటా ఐదో పదో రూపాయలు పెంచుకుంటూ వచ్చి ఉంటే ఎవరికీ నొప్పి తెలిసేది కాదు. ముప్పై బ్యాచ్‌లు కట్టని బాకీని ముప్పై ఒకటో బ్యాచ్ మీద ఒక్కసారిగా రుద్దడం, అదీ అడ్మిషన్ తీసుకుని చదువు సగంలో ఉన్న పిల్లల మీద, ఏ లెక్కన చూసినా న్యాయం కాదు. ఫీజు పెంచవచ్చా కూడదా అన్న ప్రశ్న కంటే ఎవరి మీద, ఎంత హెచ్చరికతో, ఏ లెక్క చూపించి పెంచారన్నదే న్యాయాన్యాయాలను తేలుస్తుంది.

జేఎన్‌యూ కథ కోర్టుకెక్కింది. విద్యార్థి సంఘం పిటిషను వేయగా 2020 జనవరి 24న ఢిల్లీ హైకోర్టు, ఇంకా రిజిస్ట్రేషన్ చేయించుకోని విద్యార్థులను పాత హాస్టల్ నియమావళి ప్రకారం ఉన్న ఫీజుతోనే, ఆలస్య రుసుము లేకుండా చేర్చుకోమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. విద్యార్థి ప్రతినిధులను సంప్రదించకుండానే నియమావళి మార్చారన్నది వాళ్ల ప్రధాన ఫిర్యాదు. ఆ హాస్టళ్లలో ఉండేవాళ్లతో ఒక్క మాటైనా చర్చించకుండా వాళ్ల నెలసరి ఖర్చును మార్చేయడం యాజమాన్యానికి అప్పటికి పెద్ద తప్పుగా కనబడలేదు కాబోలు. ఆ తప్పు మూల్యం దెబ్బతిన్న చదువు.

ఇంతకీ విశ్వవిద్యాలయాలు తమ ఖర్చులో కొంత తామే సంపాదించుకోవాలన్న ఆలోచన ఎక్కడ మొదలైంది? ఇక్కడా ఒక తెలుగు పేరే. శ్రీకాకుళం ప్రాంతానికి చెందిన న్యాయమూర్తి కె. పున్నయ్య అధ్యక్షతన విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 1992లో ఒక కమిటీ వేసింది. ఆర్థిక సంస్కరణలు మొదలై ఏడాది దాటిన కాలమది. ఖజానా ఖాళీ, ప్రభుత్వ ఖర్చు తగ్గించమని ఒత్తిడి. 1993లో ఆ కమిటీ నివేదిక ఇచ్చింది. విశ్వవిద్యాలయాలు తమ వార్షిక ఖర్చులో 15 శాతాన్ని మొదటి ఐదేళ్లలో, 25 శాతాన్ని పదేళ్లకు సొంతంగా సమకూర్చుకోవాలన్నది అందులోని ముఖ్య సూచన. అలా వచ్చిన సొమ్మును ప్రత్యేక నిధిగా ఉంచి విశ్వవిద్యాలయ అవసరాలకే వాడాలని కూడా చెప్పింది. దళిత కుటుంబం నుంచి పైకొచ్చి హైకోర్టు న్యాయమూర్తి అయిన మనిషి పున్నయ్య. పేదపిల్లలకు చదువు ఏం చేస్తుందో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. సొంతంగా సంపాదించుకోవాలన్న ఆ సూచనను తర్వాతి ప్రభుత్వాలు గట్టిగా పట్టుకున్నాయి. అవసరమున్న పిల్లలకు చేయూతనివ్వడం మీద అంత పట్టుదల కనబడలేదు.

విద్య మీద జాతీయాదాయంలో 6 శాతం ఖర్చు పెట్టాలని కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం అదే అంకెను మళ్లీ రాసింది. యాభై ఏళ్లు దాటినా దేశం ఆ గీతను అందుకోలేదు. ఢిల్లీలోని విద్యా ప్రణాళికా సంస్థలో ఎన్నో ఏళ్లు పనిచేసిన తెలుగు ఆర్థికవేత్త జంధ్యాల బి.జి. తిలక్ దశాబ్దాలుగా ఇదే చెబుతూ వచ్చారు. ఉన్నత విద్య చదివినవాడికి మాత్రమే కాదు, చుట్టూ ఉన్న సమాజానికీ లాభం చేస్తుంది, అందుకే దాని ఖర్చును సమాజం భరించడంలో తప్పు లేదన్నది ఆయన వాదన సారం. ప్రభుత్వం కట్టిన ఫీజుతో ఢిల్లీలో చదివిన డాక్టరు ఆదిలాబాద్ ఆసుపత్రిలో పనిచేస్తే లాభం ఎవరికి? ఇందులో వాదనకు తావులేదు.

2017లో పరిస్థితి ఇంకో మలుపు తిరిగింది. కేంద్రం, కెనరా బ్యాంకు కలిసి హెఫా అనే ఉన్నత విద్యా ఆర్థిక సంస్థను పెట్టాయి. అంతకుముందు భవనాలకు, ప్రయోగశాలలకు గ్రాంటు వచ్చేది. ఇప్పుడు అప్పు వస్తుంది. వడ్డీ ప్రభుత్వం కడుతుంది, అసలును మాత్రం చాలా సంస్థలు తమ రకాన్ని బట్టి కొంతో మొత్తమో సొంత రాబడి నుంచి తీర్చాలి. సొంత రాబడి అంటే విశ్వవిద్యాలయానికి ప్రధానంగా ఫీజులే. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఈ దారిలోనే కొత్త భవనాల నిర్మాణానికి వందల కోట్లు తెచ్చుకుంది. భవనాలు అవసరమే. అయితే రేపు చేరబోయే పిల్లవాడు ఇవాళ కట్టిన గోడల బాకీలో కొంత కూడా తన ఫీజు రసీదులో తీరుస్తున్నాడన్న సంగతి అతనికి ఎవరూ చెప్పరు.

ఆ రసీదు చూస్తే ఈ సంగతి కొంత అర్థమవుతుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం కళాశాలల్లో బీఏకి ట్యూషన్ ఫీజు ఇప్పటికీ చాలా చిన్నది. బరువంతా పక్కనున్న పద్దుల్లో ఉంటుంది. విశ్వవిద్యాలయ అభివృద్ధి నిధి, సౌకర్యాలు-సేవల చార్జీ, ఆర్థికంగా వెనుకబడినవారి సహాయ నిధి, కళాశాల అభివృద్ధి నిధి అంటూ ఒకదాని కింద ఒకటి వరుసగా వస్తాయి. ఇటీవలి ఏళ్లలో ఇందులో కొన్ని వరసగా పెరుగుతూ వస్తున్నాయి. ట్యూషన్ ఫీజు పెంచలేదని యాజమాన్యం చెప్పే మాట నిజమే, జేబులోంచి పోయే డబ్బు పెరిగిందని విద్యార్థి చెప్పే మాటా నిజమే.

కొన్నిచోట్ల పెంపు దాచుకోవడానికి వీల్లేనంత పెద్దది. 2023 మొదట్లో ఢిల్లీ విశ్వవిద్యాలయం ఇంగ్లీషు శాఖలో పీహెచ్‌డీ ఫీజు 1,932 రూపాయల నుంచి 23,968కి చేరింది. పన్నెండు రెట్లకు పైగా. అదే ఏడాది మొదలైన బీటెక్ కోర్సులకు అప్పట్లో ఏడాది ఫీజు 2.16 లక్షలు. ఆ లెక్కన నాలుగేళ్లకు 8.64 లక్షలు, హాస్టల్ కాకుండా. ఇక్కడ ఒక మంచి ఏర్పాటు ఉందని చెప్పుకోవాలి: కుటుంబ ఆదాయం 4 లక్షల లోపైతే 90 శాతం, 4 నుంచి 8 లక్షల మధ్యయితే సగం రాయితీ. జామియా మిలియా ఇస్లామియా 2025-26లో చాలా కోర్సుల ఫీజులను 16 నుంచి 41 శాతం దాకా పెంచింది. జేఎన్‌యూ పక్కనే ఉండే భారతీయ జనసంచార సంస్థ (ఐఐఎంసీ)లో 2019 డిసెంబరులో విద్యార్థులు ధర్నాకు కూర్చున్నారు. పది నెలలే సాగే రేడియో, టీవీ జర్నలిజం కోర్సుకు అప్పట్లో అక్కడ 1,68,500 రూపాయలు. పేపర్లో, చానల్లో మొదటి ఉద్యోగానికి వచ్చే జీతం తెలిసినవాళ్లెవరైనా ఆ ధర్నాను తప్పు పట్టరు.

ఐఐటీల కథ కాస్త భిన్నం, అందులో నేర్చుకోవలసినదీ ఉంది. బీటెక్ ఏడాది ఫీజు 2013లో 50,000 నుంచి 90,000 అయింది. 2016లో దాన్ని ఏకంగా 2 లక్షలకు పెంచారు. కాకపోతే ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు పూర్తిగా తీసేశారు. ఏడాదికి లక్ష లోపు ఆదాయమున్న ఇళ్ల పిల్లలకూ అంతే. లక్ష నుంచి 5 లక్షల మధ్యవారికి మూడింట రెండు వంతులు మాఫీ. పైగా కొత్తగా చేరేవాళ్లకే ఈ పెంపు వర్తించింది. మధ్యలో ఉన్నవాళ్ల మీద పడలేదు. ఉన్నవాడి దగ్గర ఎక్కువ తీసుకుని, లేనివాడి దగ్గర తీసుకోకుండా, ఆ సంగతి చేరకముందే చెప్పిన పెంపు ఇది. ఇందులోనూ ఇబ్బంది పడ్డవాళ్లున్నారు. ఏడాదికి ఐదున్నర లక్షలు సంపాదించే ఇద్దరు పిల్లల గుమాస్తా ఇంటికి నాలుగేళ్లకు ఎనిమిది లక్షల ఫీజు చిన్న సంగతేం కాదు. అయినా జేఎన్‌యూ పద్ధతితో పోలిస్తే దీన్ని ఒప్పుకోవచ్చు. ఎంటెక్ విషయంలో ఐఐటీ ఢిల్లీ ఫీజు పెంచి, విద్యార్థులు గట్టిగా నిరసన తెలిపాక 2022లో కొంత తగ్గించుకుంది. అడిగితే తగ్గించగలిగిన ఫీజును అంత పెంచవలసిన అవసరం మొదట ఎందుకొచ్చిందన్న ప్రశ్నకు జవాబు ఎక్కడా రాసిలేదు.

రాయితీ ఉంది కదా, ఇంకేం బాధ అనేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. 2024లో ముజఫర్‌నగర్ జిల్లాకు చెందిన ఒక దళిత కూలీ కొడుకుకు ధన్‌బాద్ ఐఐటీలో సీటు వచ్చింది. ఆ జిల్లా జాతీయ రాజధాని ప్రాంతంలోనిదే. నిబంధన ప్రకారం అతనికి ట్యూషన్ ఫీజు లేదు. కాని సీటు ఖాయం చేసుకోవడానికి జూన్ 24 సాయంత్రం ఐదు గంటల్లోగా 17,500 రూపాయలు కట్టాలి. ఊరంతా తిరిగి డబ్బు పోగుచేసేసరికి గడువు దాటిపోయింది. సీటు పోయింది. తండ్రి ఒక్కో గడప ఎక్కి చివరికి సుప్రీంకోర్టుకు చేరాడు. సెప్టెంబరు 30న అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ నాయకత్వంలోని ధర్మాసనం రాజ్యాంగం 142వ అధికరణం కింద తన ప్రత్యేక అధికారాన్ని వాడి ఆ కుర్రాడిని చేర్చుకోమని ఆదేశించింది. ఎంత పెద్ద రాయితీ రాసిపెట్టినా దాని ముందు ఒక చిన్న మొత్తం రొక్కంగా అడిగితే, ఆ చిన్న మొత్తమే గోడ అవుతుంది. సుప్రీంకోర్టు దాకా వెళ్లలేనివాళ్ల పేర్లు ఏ తీర్పులోనూ కనబడవు.

తెలుగు రాష్ట్రాల వాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. 2008 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ లక్షలమంది పేద, బీసీ పిల్లలను ఇంజినీరింగ్ గడప దాటించింది. ఇది మన దగ్గర జరిగిన గొప్ప పని. కానీ ప్రభుత్వం డబ్బు ఆలస్యం చేసినప్పుడల్లా కాలేజీ సర్టిఫికెట్లు బిగబట్టి విద్యార్థినే అడుగుతుంది. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం బంద్‌కు దిగాయి. ప్రభుత్వానికి, కాలేజీకి మధ్యనున్న లెక్క తేలకపోతే మధ్యలో నలిగేది ఆ రెండింటికీ సంబంధం లేని మూడో మనిషి.

ఆలస్యం అంటే ఏమిటో ఢిల్లీలో చదివే తెలుగు పిల్లల విషయంలో మరీ బాధాకరంగా తెలిసొచ్చింది. 2020 నవంబరులో, కొవిడ్ కాలంలో, నగరంలోని ఒక పేరున్న కళాశాలలో డిగ్రీ చదువుతున్న తెలంగాణ విద్యార్థిని ఇంట్లోవాళ్లకు భారం కాకూడదనుకుని ప్రాణం తీసుకుంది. చదువులో ముందున్న పిల్ల. రావలసిన స్కాలర్‌షిప్ డబ్బు చేతికందలేదని, ఆన్‌లైన్ క్లాసులకు సరైన పరికరం లేదని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆమె కళాశాల ట్యూషన్ ఫీజు దేశంలో అత్యధికమైనది కాదు. ఫీజు ఒక్కటే ఖర్చు కాదని ఆ మరణం చెప్పింది. పరిశోధన చేసేవాళ్లకూ ఇదే. నెట్ పాసు కాని పీహెచ్‌డీ విద్యార్థికి యూజీసీ ఇచ్చేది నెలకు 8,000. దాన్ని ఎత్తేయాలని 2015 అక్టోబరులో నిర్ణయించినప్పుడు విద్యార్థులు ఐటీఓ దగ్గర యూజీసీ ఆఫీసు ముందు వారాల తరబడి కూర్చున్నారు. ఆ ఫెలోషిప్ మిగిలింది గాని, మొత్తం పెరగలేదు. గది అద్దెకు ఏళ్ల తరబడి పెరగలేదన్న వాదన పనికొస్తే, ఫెలోషిప్‌కూ అదే వాదన పనికిరావాలి.

హాస్టల్ దొరకకపోవడం ఢిల్లీలో ఫీజు కంటే పెద్ద ఫీజు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో హాస్టల్ సీట్లు విద్యార్థుల సంఖ్యకు ఏ మూలకూ చాలవు. ధౌలా కువాఁ దగ్గర తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో నెలకొల్పిన శ్రీ వెంకటేశ్వర కళాశాల ఉంది. దాని ఎదుటి సత్యనికేతన్ వీధుల్లో తెలుగు మాటలు వినబడుతూనే ఉంటాయి. అక్కడ, ఉత్తర క్యాంపస్ వైపు విజయ్‌నగర్‌లో, కమలానగర్‌లో, జేఎన్‌యూ పక్కన మునిర్కాలో, బేర్ సరాయ్‌లో పిల్లలు పేయింగ్ గెస్ట్ గదులు పంచుకుంటారు. కళాశాలకు ఏడాదికి కట్టేదానికంటే ఆ గదికి రెండు మూడు నెలలకు కట్టేది ఎక్కువ కావచ్చు. ప్రభుత్వ హాస్టల్ గది అద్దె పెంచేటప్పుడు మిగతా నగరంతో పోల్చి చూపించడం సులువు. ఆ నగరంలో బతకలేకే పిల్లలు హాస్టల్ అడిగారన్న సంగతి ఆ పోలికలో కనబడదు.

హరియాణా, ఉత్తరప్రదేశ్ వైపు వెళ్తే లోకం మారిపోతుంది. సోనీపత్, గ్రేటర్ నోయిడాల్లోని పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో హాస్టల్‌తో కలిపి ఏడాది ఖర్చు పది లక్షలు దాటేవి ఉన్నాయి. వాటిలో కొన్ని నిజంగా మంచి చదువు చెబుతాయి, అవసరాన్ని బట్టి ఆర్థిక సాయమూ ఇస్తాయి. హరియాణా ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం నాలుగో వంతు సీట్లు స్థానికులకు కేటాయించి, వాళ్లకు ఫీజు రాయితీ ఇవ్వమంటుంది. తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లే పిల్లవాడికి ఆ రక్షణ వర్తించదు. పబ్లిక్ విశ్వవిద్యాలయం ఫీజు పెంచినప్పుడల్లా ఈ ప్రైవేటు అంకెలు చూపించి ఇంకా తక్కువే కదా అనడం అలవాటైపోయింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి కొలబద్ద అది కాదు. అక్కడ చేరే పిల్లవాడి ఇంటి రాబడే దానికి కొలబద్ద.

ప్రైవేటు కాలేజీలకైనా హద్దు లేదనుకోవడానికి వీల్లేదు. దీని మీద దేశానికి చట్టం నేర్పిన కేసులు రెండు మన నేల మీదివే. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో ఎదుటి పక్షం ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం. ఉచిత సీట్లు, పేమెంట్ సీట్లు అన్న విభజన అక్కడినుంచే వచ్చింది. తర్వాత 2002లో టీఎంఏ పాయ్ తీర్పు దాన్ని మార్చి, ప్రైవేటు సంస్థలకు ఫీజు నిర్ణయించుకునే స్వేచ్ఛ ఇస్తూనే లాభాపేక్ష, క్యాపిటేషన్ ఫీజు కూడదంది. రెండోది ఇటీవలిది. 2017 సెప్టెంబరు 6న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రైవేటు కాలేజీల్లో ఎంబీబీఎస్ ఫీజును ఏడాదికి 24 లక్షలకు పెంచుతూ జీవో ఇచ్చింది. అంతకుముందు ఉన్నదానికి ఏడు రెట్లు. హైకోర్టు కొట్టేస్తే ఒక కాలేజీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2022 నవంబరు 7న జస్టిస్ ఎం.ఆర్. షా, జస్టిస్ సుధాంశు ధూలియాల ధర్మాసనం హైకోర్టు తీర్పునే నిలబెట్టింది. విద్య లాభాల వ్యాపారం కాదని, ట్యూషన్ ఫీజు ఎప్పుడూ కట్టగలిగేలా ఉండాలని చెప్పి, కాలేజీకీ రాష్ట్రానికీ కలిపి 5 లక్షల రూపాయల ఖర్చులు వేసింది. ఫీజుల కమిటీ సిఫార్సు లేకుండా ప్రభుత్వమే పెంచేయడాన్ని తప్పుపట్టింది. ప్రైవేటు మెడికల్ కాలేజీ పెంపునకే ముందు లెక్క చూపించాలని ఉన్నప్పుడు, ప్రజల పన్నులతో నడిచే సంస్థకు అంతకంటే తక్కువ బాధ్యత ఉండకూడదు.

బయటి దేశాల అనుభవం రెండు దారులూ చూపిస్తుంది. ఇంగ్లండ్‌లో 1998లో వెయ్యి పౌండ్లతో మొదలైన ట్యూషన్ ఫీజు 2012కల్లా గరిష్ఠంగా 9,000 అయింది. ఉద్యోగం వచ్చి, ఒక స్థాయి జీతం దాటాకే అప్పు తిరిగి కట్టే ఏర్పాటు దానికి జోడించారు. చేరేటప్పుడు చేతిలో డబ్బు లేకపోయినా తలుపు మూసుకోదు గాని, అప్పు మాత్రం సగం జీవితం వెంట వస్తుంది. జర్మనీ రాష్ట్రాలు కొన్ని ఫీజులు పెట్టి చూసి, 2014కల్లా అన్నీ ఎత్తేశాయి. దక్షిణాఫ్రికాలో 2015 అక్టోబరులో విద్యార్థులు దేశమంతా వీధుల్లోకి వస్తే, మరుసటి ఏడాది పెంపును సున్నా చేయక తప్పలేదు ప్రభుత్వానికి. మన దగ్గర 2024 నవంబరులో కేంద్రం పీఎం విద్యాలక్ష్మి పథకం తెచ్చింది. 8 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు 10 లక్షల దాకా విద్యారుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ. పనికొచ్చేదే. కాకపోతే ఇంగ్లండ్‌లోలా జీతాన్ని బట్టి కట్టే అప్పు కాదిది. ఉద్యోగం ఆలస్యమైతే బ్యాంకు ఆగదు.

ఇవన్నీ చూశాక ఢిల్లీలో జరుగుతున్న పెంపుల్లో ఏది న్యాయమో చెప్పడం అంత కష్టం కాదు. ఏటా కొద్దిగా, ముందే ప్రకటించి, కొత్తగా చేరేవాళ్లకు మాత్రమే, ఏ పద్దుకు ఎంత ఖర్చయిందో లెక్క బయటపెట్టి, పేదవాడి దగ్గర మొదటి రోజు నుంచే రూపాయి అడగకుండా పెంచితే ఎవరూ బారికేడ్లు తోసుకుని రారు. గ్రాంటు తగ్గించి, అప్పు తెచ్చి, ఆ బాకీని కొత్త పద్దుల పేరుతో పిల్లల రసీదులో రాస్తే అది అన్యాయమే. ఇరవై రూపాయల అద్దె ఆరు వందలు కావడాన్ని ఆ రోజు దేశం చర్చించింది. ఆ ఐదొందల ఎనభై ఎక్కడికి పోతుందో చూపించే కాగితం మాత్రం ఎవరూ అడగలేదు.

ఈ ఏడాది కేంద్ర విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాసి ఢిల్లీ వైపు చూస్తున్న తెలుగు ఇళ్లకు కొన్ని పనులు అత్యవసరం. కుటుంబ ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం ఫలితాలకు ముందే మీసేవలోనో, సచివాలయంలోనో తీసుకుని పెట్టుకోవాలి. ఈడబ్ల్యూఎస్ పత్రం చేరే ఆర్థిక సంవత్సరానిదే చెల్లుతుంది. కాలేజీ వెబ్‌సైటులో ట్యూషన్ ఫీజు గడి ఒక్కటే కాకుండా రసీదులో ఉండే ప్రతి పద్దూ కూడుకోవాలి. రాయితీ ముందే తీసేస్తారా, కట్టాక తిరిగిస్తారా అన్నది కౌన్సెలింగ్‌కు ముందే రాతపూర్వకంగా అడగాలి. సీటు ఖాయం చేసుకునే మొత్తం, దాని గడువు విడిగా రాసిపెట్టుకుని, ఆ డబ్బు వారం ముందే ఖాతాలో ఉంచాలి. హాస్టల్ సీటు రాకపోతే బయట గదికి నెలకెంత అవుతుందో ఇప్పటికే అక్కడ చదువుతున్న సొంత ఊరి పిల్లలను అడిగి, మూడేళ్లకో నాలుగేళ్లకో మొత్తం లెక్క వేసుకున్నాకే రైలు టికెట్టు తీసుకోవాలి.